పియరీ డి కూబర్టిన్

నాలుగేండ్లకొకసారి జరుగు ఒలింపిక్ క్రీడలను గూర్చి వినని విద్యార్థి యుండడు. తెల్లని పతాకముపై ఒకదానితో నొకటి పెనవేసికొన్న ఐదు వలయములను చూడనివారును అరుదు. అంతరించిన ఆ క్రీడలను పునరుద్ధరించిన మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడైన పియరీ డి కూబర్టిన్ అనియు పెక్కుమంది యెఱుగుదురు. కాని ఆటగాడుగా ఆయన పేరు చరిత్ర కెక్కలేదు. ఆయన తన్ను తాను ముఖ్యముగా విద్యా సంస్కర్తగా భావించుకొనెను. బడిలో చదువుకొను బాలురకు ఒక ఆటస్థలమును, ఆడుకొనుటకు కొంత సమయమును సంపాదించి పెట్టవలెనను తపనతో ఆయన తన పని ప్రారంభించెను. ఒలింపిక్ క్రీడలు ఆ చెట్టునకు తరువాత వచ్చిన కొమ్మ; వేరు మాత్రము పాఠశాలలోనే యున్నది.

కూబర్టిన్ 1863వ సంవత్సరము జనవరి 1వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. వారిది ప్రాచీనమైన ప్రభు కుటుంబము. తండ్రి చిత్రకారుడు. తల్లి భక్తురాలు, విద్యావతి. ఆమెకు పుట్టింటివారి వలన నార్మండీ ప్రాంతమునందలి మిర్విల్ అను గ్రామమున ఒక కోట సంక్రమించెను. పియరీ ఆ దంపతుల సంతానములో కడసారివాడు. కొంతకాలము పారిస్ నగరమునను, కొంతకాలము మిర్విల్ పల్లెపట్టునను అతని బాల్యము గడచెను. గుఱ్ఱపు స్వారి, పడవ నడపుట, కత్తిసాము మున్నగునవి అతనికి ప్రియమైన వ్యాయామములు. అతడు పొట్టివాడు, కాని చుఱుకైనవాడు.

అతనికి ఏడేండ్లు నిండిన పిమ్మట, 1870లో, ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. ఫ్రాన్సు ఓడిపోయెను. చక్రవర్తి శత్రువులకు చిక్కెను. పారిస్ నగరము నెలల తరబడి ముట్టడికి లోనై ఆకలితో అలమటించెను. ఆల్సేస్ పరగణాయు, లొరేన్ పరగణాలో ఒక భాగమును పరాధీనములయ్యెను. ఈ పరాభవము ఆ తరమువారి మనస్సులలో మానని గాయమయ్యెను. లోపము ఎచ్చటనున్నది, దేశమును మరల ఎట్లు నిలబెట్టవలెను అను ప్రశ్న యింటింటను వినవచ్చుచుండెను. కొందరు సైన్యమును పెంచవలెననిరి. కొందరు పగ తీర్చుకొనవలెననిరి. మఱికొందరు లోపము బడిలోనే యున్నదనియు, బాలుర పెంపకమును మార్చవలెననియు తలచిరి. పెరిగి పెద్దవాడైన కూబర్టిన్ ఈ మూడవ పక్షమున చేరెను.

1874లో అతనిని పారిస్ నగరమునందలి ఒక జెస్యూట్ పాఠశాలలో చేర్చిరి. అచ్చట గ్రీకు, లాటిన్ భాషలను, ప్రాచీన చరిత్రను శ్రద్ధతో నేర్పుచుండిరి. అతడు తెలివైన విద్యార్థి యని పేరు తెచ్చుకొనెను. గ్రీకుల చరిత్ర చదువునప్పుడు ఒక విషయము అతని మనస్సును విశేషముగా ఆకర్షించెను. ప్రాచీన గ్రీసు దేశమున వ్యాయామశాలయు విద్యాశాలయు తఱచు ఒకే చోట నుండెడివి. యువకులు అచ్చట పరుగు, కుస్తీ మున్నగునవి అభ్యసించి, అచ్చటనే తత్త్వవేత్తల మాటలను వినుచుండిరి. ప్లేటో మహాశయుడు బోధించిన అకాడమీ కూడ మొదట ఒక వ్యాయామశాలయే. ఆ దినములలోనే, 1875 మొదలు 1881 వరకు, జర్మను పండితులు ఒలింపియా శిథిలములను త్రవ్వి వెలికి దీయుచుండిరి. వేల యేండ్లనాటి క్రీడారంగము మన్నులోనుండి మరల వెలుగు చూచుచుండెను. ఆ వార్తలు ఆనాటి విద్యార్థుల ఊహలకు రెక్కలు తొడిగెను.

మఱి ఆనాటి ఫ్రాన్సు పాఠశాలల స్థితి యెట్లుండెను? ఉన్నత పాఠశాలలను అచ్చట లీసేలందురు. నెపోలియన్ కాలమున, 1802లో, వానిని స్థాపించిరి. వానిలో పెక్కు సైనిక శిబిరములను పోలియుండెను. ఎత్తైన గోడలు, ఇరుకైన పెరడు, భేరి మ్రోగగా లేచుట, భేరి మ్రోగగా భుజించుట, వరుసలు కట్టి నడచుట - ఇదియే అచ్చటి వసతి విద్యార్థుల జీవితము. దినమునకు పది, పదునొకండు గంటలు వారు బల్లల ముందు కూర్చుండి చదువవలసి యుండెను. విరామ సమయమున పెరటిలో గుంపులుగా తిరుగుటయే గాని ఆటలు లేవు. పరీక్షలు, బహుమతులు, తరగతిలో స్థానములు - వీని కొఱకే సర్వ శ్రమయు. పాలిపోయిన ముఖములతో, వంగిన వీపులతో బాలురు బడి విడిచి పోవుచుండిరి. తుదకు 1887లో ఫ్రెంచి వైద్య పరిషత్తు ఈ అతిశ్రమను గూర్చి సుదీర్ఘముగా చర్చించి, చదువు భారమును తగ్గించి వ్యాయామమును పెంచుట అవసరమని తీర్మానించెను.

వ్యాయామము బొత్తిగా లేదనుటకు వీలులేదు. 1880లో ప్రభుత్వము చట్టము చేసి బాలుర పాఠశాలలలో కసరత్తును నిర్బంధము చేసెను. 1882లో బడి పటాలములను ఏర్పరచెను. పసివారు కొయ్య తుపాకులను భుజమున దాల్చి వీధులలో కవాతు చేయుచుండిరి. కాని యీ కవాతులో ఆట లేదు, ఆనందము లేదు, బాలుడు తనంత తాను యోచించుటకు తావు లేదు. ఒకడు కేక వేయగా నూర్గురు చేయి యెత్తుటయే దాని సారము. పదేండ్లు గడచునప్పటికి ఆ పటాలములు కనుమరుగయ్యెను. మన దేశమున కూడ వ్యాయామోపాధ్యాయుని పెద్దలు డ్రిల్లు మాస్టారని పిలుచుట కలదు. కవాతే వ్యాయామమను భావము ఎంత దూరము వ్యాపించెనో ఆ పేరే తెలుపుచున్నది.

బడి చదువు ముగిసిన పిదప కూబర్టిన్ యెదుట ఆ కాలపు ప్రభు కుమారులకు తెరచియుండు మార్గములన్నియు నుండెను. ఆయన సైనిక వృత్తిని వలదనుకొనెను. న్యాయశాస్త్రమును ప్రారంభించి విడిచెను. తినుటకు, కట్టుటకు లోటులేని యింట పుట్టినవాడు గనుక పని లేకయే కాలము గడపవచ్చును. ఆయన మనస్సు అందులకును అంగీకరింపలేదు. చిన్ననాట ఆయన ఒక ఆంగ్ల నవలను చదివి యుండెను. థామస్ హ్యూస్ 1857లో ప్రకటించిన ఆ నవల రగ్బీ అను పాఠశాలలో టామ్ బ్రౌన్ అను బాలుడు గడపిన జీవితమును వర్ణించును. అందలి విషయములను కన్నులార చూడవలెనని కోరి, ఇరువది యేండ్ల ప్రాయమున, 1883లో, ఆయన ఇంగ్లండునకు ప్రయాణమయ్యెను.

అచ్చట ఆయన చూచిన దృశ్యము ఫ్రాన్సు పాఠశాలలకు భిన్నముగా నుండెను. పాఠములు ముగియగనే బాలురు తరగతి గదులను విడిచి పచ్చిక మైదానములకు పోవుచుండిరి. క్రికెట్టు, ఫుట్‌బాలు, పడవ పందెములు, పరుగులు వారి దినచర్యలో భాగములు. అంతకంటె ఆయనను ఆకర్షించినది మఱియొకటి కలదు. ఆ ఆటల వ్యవహారమంతయు చాలవరకు బాలురే నడపుకొనుచుండిరి. నాయకుని వారే నిర్ణయించుకొందురు. చందాలు పోగుచేసి లెక్కలు వ్రాయుదురు. మైదానము బాగోగులు చూచుకొందురు. తగవు వచ్చినచో తామే తీర్చుకొందురు. ఉపాధ్యాయులు దూరమునుండి కనిపెట్టుచు, అవసరమైనప్పుడు మాత్రము సలహా నొసగుదురు. ఆ బడులలో లోపములు లేకపోలేదు. అవి ధనికుల బిడ్డలకు పరిమితములు. పెద్ద బాలురు చిన్న బాలురచే ఊడిగము చేయించుకొనుటయు కలదు. ఐనను బాలుని నమ్మి అతనికి బాధ్యత నప్పగించు పద్ధతి కూబర్టిన్ హృదయమును దోచుకొనెను.

రగ్బీ పాఠశాలకు 1828 మొదలు 1842 వరకు థామస్ ఆర్నాల్డ్ అను పండితుడు ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. పెద్ద తరగతుల విద్యార్థులకు బాధ్యతల నప్పగించి, మాట మీద నిలుచుట నేర్పినవాడాయన. 1886లో ఆయన సమాధి కడ నిలిచినప్పుడు తన జీవిత మార్గము స్పష్టమైనదని కూబర్టిన్ తరువాతి కాలమున తలచుకొనెను. నిజమునకు ఆర్నాల్డ్ ఆటలకంత ప్రాధాన్య మిచ్చినవాడు కాడనియు, కూబర్టిన్ తన ఆశలను కొంతవరకు ఆయనపై ఆరోపించుకొనెననియు చరిత్రకారులు చెప్పుదురు. ఆదర్శము ఎవరి పేరున దొరకినను, దానిని ఆచరణలో పెట్టు భారము మాత్రము కూబర్టిన్ తానే వహించెను.

ఆయన ఆలోచనలోని సారమిది. ఆట వలన కండలు పెరుగును. కాని అది మొదటి ఫలము మాత్రమే. ఆటలో క్రింద పడినవాడు లేచుట నేర్చుకొనును. ఓడినవాడు గెలిచినవానికి చేయి యందించుట నేర్చుకొనును. జట్టు మేలు కొఱకు తన గొప్పను తగ్గించుకొనుట అలవడును. ఆటల సంఘమును తామే నడపుకొను బాలురు నియమములను చేయుటయు, చేసిన నియమములకు లోబడుటయు అభ్యసింతురు. ఫ్రాన్సు అప్పుడు రాజులను వదలి ప్రజా ప్రభుత్వమును స్థాపించుకొన్న దేశము. తమ్ము తాము పాలించుకొనవలసిన ప్రజలు ఆ విద్యను బాల్యముననే నేర్వకున్న ఎప్పుడు నేర్తురు? బడి ఆటస్థలము ప్రజా ప్రభుత్వమునకు తొలి పాఠశాల కావలెనని ఆయన విశ్వసించెను.

1888లో ఆయన ఇంగ్లండు విద్యను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ యేటనే విద్యలో శరీర వ్యాయామమును వ్యాపింపజేయుటకు ఒక సంఘమేర్పడెను. పూర్వము ప్రధానమంత్రి పదవిని, విద్యామంత్రి పదవిని నిర్వహించిన జూల్స్ సిమోన్ దానికి అధ్యక్షుడు. ఇరువదియైదేండ్ల కూబర్టిన్ కార్యదర్శి. పని యంతయు కార్యదర్శిదే. ఆయన పాఠశాలనుండి పాఠశాలకు తిరుగుచు ప్రధానోపాధ్యాయులకు నచ్చజెప్పుచుండెను. వారు చెప్పు అభ్యంతరములు మనము నేటికిని వినుచున్నవే. ఆటలకు వేళ యెక్కడిది? కాలు విరిగిన బాధ్యత యెవరిది? మార్కులు తగ్గిన తల్లిదండ్రులకేమి సమాధానము చెప్పవలెను? బాలురకు స్వేచ్ఛ నిచ్చినచో క్రమశిక్షణ మిగులునా? కూబర్టిన్ ఓర్పుతో ఒక్కొక్క శంకను తీర్చుచు వచ్చెను. కొందరు తలుపులు మూసికొనిరి; కొందరు తెరచిరి. పారిస్ లోని మాంజ్ పాఠశాల, ఆల్సేషియన్ పాఠశాల మున్నగునవి ముందుకు వచ్చెను. మాంజ్ పాఠశాల విద్యార్థులు నగరపు అంచుననున్న బూలోన్ వనమునకు పోయి పడవలు నడపుచు, గుఱ్ఱపు స్వారి చేయుచు, బంతులాడుచు కాలము గడపసాగిరి.

ఈ మార్గమున ఆయనకు ప్రత్యర్థులును కలరు. పాస్కల్ గ్రూసే అను పత్రికా రచయిత 1888లోనే వేఱొక సమాజమును స్థాపించి, ఇంగ్లీషు ఆటలేల, ఫ్రాన్సు పల్లెలయందలి పాత ఆటలనే బడిలో ప్రవేశపెట్టవలెనని వాదించెను. బోర్డో నగరమున ఫిలిప్ టిస్సీ అను వైద్యుడు పోటీల వలన లేత దేహములు అలసిపోవుననియు, వైద్య దృష్టితో మితమైన వ్యాయామమును నేర్పవలెననియు బోధించెను. ఈ వాదములలో నిజము లేకపోలేదు. తన ఊరి ఆట బాలునకు సహజముగా అబ్బును. మితిమీరిన పోటీ హాని చేయును. కాని మువ్వురి తగవు వలన ఒక మేలు కలిగెను. బాలుడు ఆడవలెనా వలదా అను ప్రశ్న వెనుకబడి, ఏమి ఆడవలెను, ఎట్లు ఆడవలెను అను చర్చ దేశమంతట వ్యాపించెను.

1889లో పారిస్ నగరమున గొప్ప అంతర్జాతీయ ప్రదర్శనము జరిగెను. ఈఫిల్ గోపురమును ఆ సందర్భముననే నిర్మించిరి. ఆ ప్రదర్శనములో భాగముగా కూబర్టిన్ శరీర వ్యాయామమును గూర్చిన మహాసభను నడపెను. ఆ యేటనే విద్యామంత్రి ఆదేశముపై అమెరికా, కెనడా దేశములకు పోయి, అచ్చటి కళాశాలలలోని ఆటస్థలములను, వ్యాయామశాలలను పరిశీలించి వచ్చెను. 1890లో ఇంగ్లండులోని మచ్ వెన్‌లాక్ అను చిన్న పట్టణమునకు పోయి విలియం పెన్నీ బ్రూక్స్ అను వృద్ధ వైద్యుని దర్శించెను. ఆయన ఎనుబది యేండ్లు దాటినవాడు. పేదల బడులలో వ్యాయామమును ప్రవేశపెట్టుమని ప్రభుత్వమును అడిగి యడిగి జుట్టు నెరసినవాడు. తన యూరిలో 1850 మొదలు ఒలింపియా పేరుతో ఏటేట ఆటల పండుగ జరిపించుచుండెను. అతిథి గౌరవార్థము ఆయన ఒక సింధూర వృక్షమును నాటించెను. ఒక చిన్న పట్టణమున ఒక వృద్ధుడు నిలిపియుంచిన దీపమునుండి యువకుడు తన దివిటీని వెలిగించుకొనెనని చెప్పవచ్చును.

ఈ కాలమున ఫ్రాన్సులోని క్రీడా సంఘములు పెక్కు ఒక సమాఖ్యగా ఏర్పడగా కూబర్టిన్ దానికి ప్రధాన కార్యదర్శి యయ్యెను. పాఠశాలలలోని విద్యార్థి సంఘములును అందు చేరుచుండెను. విద్యార్థులే అధ్యక్షుని, కార్యదర్శిని, కోశాధికారిని ఎన్నుకొనవలెనని ఆయన పట్టుపట్టెను. ఆయన కాగితముల మీద పని చేసి యూరకుండువాడు కాడు. 1892 మార్చి 20వ తేదీన ఫ్రాన్సులో జరిగిన మొట్టమొదటి రగ్బీ జాతీయ పోటీ తుది ఆటకు తానే మధ్యవర్తిగా నిలిచెను. పారిస్ చెంతనున్న ఆర్కేల్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడైన డీడాన్ అను మతగురువు ఆయనకు మిత్రుడు. ఇంకను వేగముగా, ఇంకను ఎత్తుగా, ఇంకను బలముగా అను అర్థము గల మూడు లాటిన్ పదములను డీడాన్ తన పాఠశాల ఆటలకు ఆదర్శముగా నిలిపెను. కూబర్టిన్ తరువాత ఆ మూడు పదములనే ఒలింపిక్ ఉద్యమమునకు ఆదర్శ వాక్యముగా స్వీకరించెను. ప్రపంచము నేడు ఆలపించు ఆ వాక్యము ఒక బడి ఆటస్థలమున పుట్టినదని గుర్తుంచుకొనదగును.

ఇంత చేసినను పని నత్తనడకనే సాగుచుండెను. ఒక పాఠశాలలో వెలిగిన ఉత్సాహము ప్రధానోపాధ్యాయుడు మారగనే ఆరిపోవుచుండెను. ప్రపంచమంతయు చూచి మెచ్చుకొను గొప్ప పండుగ యొకటి యున్న గాని బడులకు, ప్రభుత్వములకు ఆటల విలువ తెలియదని కూబర్టిన్ తలపోసెను. దేశదేశముల యువకులు ఆయుధములు విడిచి మైదానమున కలిసికొన్నచో శాంతికిని అది సాధనమగునని ఆశించెను. 1892 నవంబరు 25వ తేదీన పారిస్ లోని సార్బాన్ విశ్వవిద్యాలయ భవనమున ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరింపవలెనని ఆయన ప్రతిపాదించెను. సభ్యులు చప్పట్లు కొట్టిరి. కాని ఆయన మాటల భావమును గ్రహించినవారు లేరు. కొందరది ప్రాచీన వేషములతో ఆడు నాటకమనుకొనిరి. కూబర్టిన్ నిరుత్సాహపడక రెండేండ్లు కష్టపడి, 1894 జూన్ మాసమున అదే భవనమున అంతర్జాతీయ సభను సమకూర్చెను. ఈసారి ప్రతిపాదన ఏకగ్రీవముగా నెగ్గెను. జూన్ 23వ తేదీన అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము పుట్టెను. 1896 ఏప్రిల్ మాసమున ఏథెన్సు నగరమున, పాలరాతితో మరల నిర్మించిన ప్రాచీన క్రీడారంగమున, సుమారు పదునైదు వందల యేండ్ల తరువాత ఒలింపిక్ క్రీడలు మరల జరిగెను.

తరువాతి దారి పూలబాట కాదు. 1900లో పారిస్ నగరమునను, 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునను జరిగిన క్రీడలు వాణిజ్య ప్రదర్శనములకు తోకలై వెలవెలబోయెను. ఆయన పట్టు విడువలేదు. 1912లో స్టాక్‌హోం క్రీడలు చక్కగా జరిగి ఉద్యమమును నిలబెట్టెను. 1913లో ఆయన ఐదు వలయముల చిహ్నమును కల్పించెను. మరుసటి యేటనే ప్రపంచ యుద్ధము విరుచుకొనిపడెను. 1915లో సంఘ కార్యాలయమును తటస్థ దేశమైన స్విట్జర్లాండులోని లోజాన్ నగరమునకు మార్చెను. యుద్ధానంతరము, 1920లో, ఆంట్‌వెర్ప్ క్రీడలలో ఐదు వలయముల పతాకము ఒలింపిక్ రంగమున మొదటిసారి ఎగిరెను.

క్రీడోత్సవము పెరుగుచున్న కొలది కూబర్టిన్ మనస్సు మరల పాఠశాల వైపే తిరుగుచుండెను. 1905లో ఆయన ఉపయోగకరమైన వ్యాయామమును గూర్చి గ్రంథమును వ్రాసెను. పరుగు, దూకుట, ప్రాకుట, ఈత, స్వారి, పడవ నడపుట, ఆత్మరక్షణ - ఇట్టి వన్నియు ప్రతి యువకునకు కొద్దికొద్దిగానైన రావలెననియు, ఒకదానిలో మేటి యగుట కంటె అన్నిట పనికి వచ్చుట మిన్న యనియు అందు బోధించెను. 1919లో, ఆటలు కొందరి సొత్తు కారాదనియు, అన్ని ఆటలును అందరికి అందవలెననియు ప్రకటించెను. 1922లో క్రీడల ద్వారా విద్యాబోధనను గూర్చిన గ్రంథము వెలువడెను. 1925లో ఒలింపిక్ సంఘాధ్యక్ష పదవిని వదలి, వెంటనే విద్యా సంస్కరణ సంఘమును, 1926లో క్రీడా విద్యా కార్యాలయమును స్థాపించెను. గౌరవములన్నియు తన్ను వరించిన తరువాత కూడ ఆయన బాలుర బడికే తిరిగి వచ్చుట గమనింపదగినది.

ఆయన గృహ జీవితము సుఖమయము కాదు. 1895లో మేరీ రోథాన్ అను వనితను వివాహమాడెను. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. ఇరువురి ఆరోగ్యమును దెబ్బతిని తల్లిదండ్రులకు తీరని దుఃఖము కలిగించెను. ఆశయము కొఱకు చేసిన ఖర్చులు, యుద్ధకాలమున కలిగిన నష్టములు ఆయన ఆస్తిని హరించెను. ముదిమిలో ఆయన డబ్బు ఇబ్బందులకు లోనయ్యెను. లోజాన్ నగరము ఆయనకు ఆశ్రయ మిచ్చి, 1937లో తన గౌరవ పౌరునిగా స్వీకరించెను.

మహనీయుల గుణములతో బాటు లోపములను కూడ తెలిసికొనుట మేలు. కూబర్టిన్ దృష్టిలో క్రీడారంగము పురుషులది. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు పోటీ చేయుటను ఆయన కడవరకు వ్యతిరేకించెను. అందరికి ఆటలనిన ఆయనయే జనాభాలో సగమును మఱచెను. మఱియు 1936లో హిట్లరు ప్రభుత్వము బెర్లిన్ క్రీడలను తన ప్రచారమునకు వాడుకొనగా, ఆయన దానిని ఖండింపక మెచ్చుకొనెను. కాలము ఆయన పొరపాటును దిద్దెను. ఆలిస్ మిల్యా అను ఫ్రెంచి వనిత 1922లో పారిస్ నగరముననే స్త్రీలకు ప్రత్యేక క్రీడోత్సవమును జరిపించి, ఒలింపిక్ ద్వారములు తెరపించుటకు పోరాడెను. 2000లో సిడ్నీ నగరమున శ్రీకాకుళము జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి బరువులెత్తు పోటీలో కాంస్య పతకము గెలిచి, ఒలింపిక్ పతకమందిన మొదటి భారత మహిళ యయ్యెను. హైదరాబాదునకు చెందిన పి. వి. సింధు బాడ్మింటన్ ఆటలో 2016లో రజత పతకమును, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో కాంస్య పతకమును సాధించెను. కూబర్టిన్ జన్మించిన పారిస్ నగరముననే 2024లో జరిగిన క్రీడలలో స్త్రీలకును పురుషులకును సమానముగా స్థానములు కేటాయించిరి.

1937 సెప్టెంబరు 2వ తేదీన జెనీవా నగరములోని ఒక ఉద్యానవనమున నడచుచు కూబర్టిన్ హఠాత్తుగా కుప్పకూలి మరణించెను. దేహమును లోజాన్ నగరమున ఖననము చేసిరి. ఆయన కోరిక ననుసరించి హృదయమును మాత్రము గ్రీసు దేశమునకు గొనిపోయి, 1938లో ఒలింపియాలోని ఒక రాతి స్తంభమునందు భద్రపరచిరి.

ఆయన జీవించియుండగనే ఆ ఉద్యమపు గాలి మన దేశమునకును సోకెను. దోరబ్జీ టాటా ప్రోత్సాహముతో భారతీయులు 1920 ఆంట్‌వెర్ప్ క్రీడలకు పోయిరి. ఆ యేటనే హెచ్. సి. బక్ అను అమెరికా దేశీయుడు మద్రాసు నగరమున వై. ఎం. సి. ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో చేరియుండెను గనుక, మన పాఠశాలలలో ఆటలు నేర్పిన ఉపాధ్యాయులలో పెక్కురు అచ్చట శిక్షణ పొందినవారే. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు భారత జట్టును గొనిపోయినవాడును బక్ మహాశయుడే. కూబర్టిన్ అధ్యక్షుడుగా జరిపిన కడపటి క్రీడలవి.

కూబర్టిన్ తలపెట్టిన పనిలో పండుగ పూర్తియైనది. బడి పని మిగిలియున్నది. బాలబాలికలు దినమునకు సగటున 60 నిమిషములైన దేహమునకు చక్కని శ్రమ నీయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పదునొకండు మొదలు పదునేడేండ్ల వయస్సు గలవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా అంత శ్రమ చేయుట లేదని, 2016 నాటి లెక్కలను బట్టి, ఆ సంస్థ పరిశోధకులు తేల్చిరి. పరీక్షలు దగ్గరపడగనే ఆటల గంటను లెక్కల పాఠమునకు ఇచ్చివేయు ఆచారము పెక్కు బడులలో కలదు. విద్యార్థులారా! మైదానమునకు పోవుటకు పతకము గెలువగల శక్తి యుండవలెనను నియమము లేదు. పది మంది కలిసి ఒక బంతిని సంపాదించుకొనుడు. నాయకుని మీరే యెన్నుకొనుడు. నేల చదును చేసికొనుడు. బలహీనుడైన సహపాఠిని గట్టుమీద కూర్చుండబెట్టక జట్టులో చేర్చుకొనుడు. బాలికలకు మైదానములో సగము పాలు వదలుడు. ఓడినప్పుడు నవ్వుచు, గెలిచినప్పుడు వినయముతో ఇంటికి మరలుడు. కూబర్టిన్ ఆశించిన ఆటలు అట్టివి.